పదిహేడో తొట్టి ప్రశ్న

లోపలి 58వ ఏడు, 112వ రోజు. గాలి అంకె 19.

తొట్లు ఇరవై నాలుగూ చూశాను. నీటి మట్టం సరిగా ఉంది. దీపాలన్నీ వెలుగుతున్నాయి. శాస్త్రశాల పెద్ద కూర్మారావు గారు ఈ పుస్తకాన్ని నెలకోసారి తెరిచి, ఆ నెల మొదటి పేజీలో మొదటి మూడు వాక్యాలు చదివి సంతకం పెడతారు. ఆ మూడూ రాసేశాను కాబట్టి ఇక నా ఇష్టం.

పాచి పసుపు తిరుగుతోంది, అందుకే గాలిలో చెడు ఎంతుందో చెప్పే అంకె పెరుగుతోంది. ఈ పాచే మా ఊరి ఊపిరి. కొండ కడుపులో ఉన్న పదహారు వందల మందిమి వదిలిన చెడు గాలిని తిని మంచి గాలి ఇచ్చేది ఇదొక్కటే. బయటి ఎండకి తాళలేక మా తాతలు లోపలికి వచ్చి తలుపులు బిగించుకున్నారు. అప్పటి నుంచి ఎవరమూ ఆ తలుపు దాటలేదు. పుట్టడం, పెళ్లి, తగాదాలు, చావు, అన్నీ ఈ రాతి గోడల మధ్యనే.

పొద్దున్నే తెడ్డుతో తొట్లు కలుపుతాను. అద్దాలకి పట్టిన జిగురు గీకుతాను. గరిటెడు నీళ్లు తీసి రంగుల అట్ట పక్కన పెట్టి చూస్తాను. ఇరవై మూడు తొట్లు అట్ట మీద రెండు గళ్లు కిందికి దిగాయి. పదిహేడోది మాత్రం దిగలేదు. అది ముందు నుంచీ కాస్త ఎక్కువ పచ్చే. ఇప్పుడు పక్కవాటి మొహం వాడిపోయేసరికి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

శాస్త్రశాల గోడ మీద నల్లపలక ఒకటి ఉంది. దాని మీద నా పేరు, నా ప్రశ్న రాసి ఉన్నాయి. "పదిహేడో తొట్టి మిగతావాటికన్నా పచ్చగా ఎందుకుంటుంది? అడిగినది మంగవేణి, 35వ ఏడు." ఇరవై మూడేళ్లయింది. ఇక్కడ పదహారో ఏట ఒక ప్రశ్న అడిగి శాలలో చేరతారు. పలక మీదికెక్కాక ఆ ప్రశ్న అడిగినవాళ్ల సొత్తు. జవాబు దొరికే దాకా వాళ్లు శాల వదలకూడదు, ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. ఏది ఎవరు కనిపెట్టారన్న దాని మీద పాతవాళ్లు జుట్లు పట్టుకుంటే, ఆ గొడవ తీర్చడానికి పెట్టిన నియమమట. ఇది పెళ్లికంటే గట్టిది. పెళ్లికైనా విడాకులున్నాయి.

127వ రోజు. గాలి అంకె 22.

ఈ రోజు ప్రశ్న దినం. పదకొండు మంది పిల్లలు వచ్చారు. మేం ఐదుగురం బల్ల వెనక కూర్చున్నాం. ఒక్కొక్కరూ వచ్చి ప్రశ్న అడగాలి, ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో చెప్పాలి. జీవితంలో ఈ అవకాశం ఒక్కసారే.

మా కూర్మారావు గారికి పిల్లలు చెప్పే కారణాలంటే ప్రాణం. కళ్లు మూసుకుని పాట వింటున్నట్టు వింటారు. నాకు మాత్రం ఆ రోజంతా ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది. ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు వల్లించుకొచ్చారో నాకు ఇట్టే తెలిసిపోతుంది. దొంగకి దొంగ అడుగు తెలిసినట్టు.

మొదటి కుర్రాడు రాళ్లలో గీతల గురించి అడిగాడు. అడుగుతున్నంతసేపూ మా వెనక ఉన్న మంచాల వైపు చూస్తున్నాడు. శాలలో పడకలు పొడిగా ఉంటాయి, కింది వరస ఇళ్లలో గోడలు చెమ్మ కారతాయి. రెండో పిల్ల తండ్రి కోరిక తీర్చడానికి వచ్చింది. ఇంకో పిల్లవాడు శాస్త్రం మానవాళికి వెలుగు అన్నాడు. ఆ మాట వాడిది కాదు. పొడి పడక కోసం వచ్చినా, నాన్న కోసం వచ్చినా తప్పేం లేదు, అలా వచ్చినవాళ్లలో మంచి పనిమంతులు ఎంతమంది లేరు. ఎటొచ్చీ, వచ్చాక ప్రశ్న మీద మనసు పుట్టాలి.

ఏడో పిల్ల పేరు లలితాంబ. నిద్రలో మనం గాలి ఎక్కువ తింటామా, తక్కువ తింటామా అని అడిగింది. ఎందుకు పుట్టిందమ్మా ఈ ప్రశ్న అంటే, చెల్లెలు నిద్రపోతుంటే దాని ముక్కు దగ్గర దారప్పోగు పట్టుకుని కదలికలు లెక్కపెట్టానంది. ఎన్ని రాత్రులు లెక్కపెట్టావంటే ఎనభై అంది. ఎవరూ పెట్టమనలేదట. ఆ పిల్లని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్లిపోయాను.

141వ రోజు. గాలి అంకె 26.

మట్టం సరి. దీపాలు సరి. తెడ్డు విరిగితే మార్చాను.

బడిలో పిల్లలు తూలి పడుతున్నారు. అందరికీ కణతలు నొప్పి. అంకె ముప్పై దాటితే పడక దినాలు పెడతారు. రోజు విడిచి రోజు ఎవరూ లేవకూడదు, పొయ్యి వెలిగించకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ముప్పై ఐదు అయితే కింది వరస తలుపు తెరిచి అందులోని నాలుగు వందల మందిని బయటికి పంపుతారు. ఇది రాతపూర్వకంగా ఉన్న నియమమే. బయట రెండు రోజుల నడకలో ఇంకో కొండ ఊరు ఉండేదట. అది ఇప్పటికీ బతికి ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఆ కింది వరసలోనే పైడితల్లి ఉంటుంది. ఇంతకాలం ఈ పుస్తకంలో దాని పేరు రాయలేదు. రాస్తే నా బాగోతమంతా రాయాలని భయం. ఈ రోజు రాస్తాను.

మేమిద్దరం ఒకే ఈడు. చిన్నప్పుడు కింది వంటశాలలో గిన్నెలు తోమేవాళ్లం. వంటశాల గోడకి అవతలే ఈ తొట్ల గది. పైడికి గిన్నెల మీద కన్ను ఉండేది కాదు, గోడకున్న కిటికీ అద్దం మీద ఉండేది. పదిహేడో తొట్టి పచ్చగా ఉందని ముందు చూసినది అది. రోజూ చూసి బొగ్గుతో గోడ మీద గీతలు పెట్టుకునేది. ప్రశ్న దినానికి ముందు రోజు తన ప్రశ్న నాకొక్కదానికే చెప్పింది. చెప్పేటప్పుడు దాని మొహం వెలిగిపోయింది.

నా దగ్గర ఏ ప్రశ్నా లేదు. నా దగ్గర భయం ఉంది. మా నాన్న రాతి తవ్వకంలో పనిచేసి రాతి దుమ్ము దగ్గుతూ పోయాడు. శాలలో చోటు రానివాళ్లలో సగం మందిని తవ్వకానికే పంపేవారు. నన్ను ముందు పిలిచారు. బల్ల ముందు నిలబడి నోరు తెరిస్తే పైడి ప్రశ్న వచ్చింది. గోడ మీది గీతల సంగతితో సహా చెప్పేశాను.

తర్వాత పైడిని పిలిచారు. అదీ అదే ప్రశ్న అడిగింది. బల్ల వెనకవాళ్లు నవ్వారు. దాని పేరు ఎదురుగా 'అనుకరణ' అని రాసి వంటశాలకి తిప్పి పంపారు. అది నా వైపు ఒక్కసారి చూసింది, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత నేను వంటశాలలో అడుగు పెట్టలేదు. శాలవాళ్లకి కూడు శాలకే వస్తుంది కదా, వెళ్లాల్సిన అవసరమూ రాలేదు.

153వ రోజు. గాలి అంకె 29.

కూర్మారావు గారు నన్ను పిలిచి మెత్తగానే అడిగారు, పదిహేడు ఎందుకు పచ్చగా ఉందో తెలిస్తే మిగతావి కూడా పచ్చబడతాయి కదమ్మా అని. ఆయన మంచాయన. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. వేడి వల్ల కావచ్చునని పన్నెండో నివేదిక ఇచ్చాను. వంటశాల గోడ వెచ్చగా ఉంటుంది, అందుకని పాచి బాగా పెరుగుతుందని. మొదటి పదకొండు నివేదికల్లోనూ అదే రాశాను. మూడు తొట్లకి వేడి పెట్టి చూశాం, ఇంకా త్వరగా పసుపెక్కాయి.

నీటి పరీక్షలు చేసే సింహాచలం నాకన్నా వందరెట్లు తెలివైనవాడు. ఈ రోజు తొట్ల గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. గడప దాటలేదు. నా ప్రశ్న కాబట్టి లోపలికి వచ్చి చూస్తే తప్పు. రండి, చూడండి అన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఊరంతా ఊపిరాడక చస్తున్నా మర్యాద తప్పడు. నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు, నా మీదే.

ఇంకో విచిత్రం. పద్దెనిమిదో తొట్టి రంగు ఒక గడి పైకి ఎక్కింది. దీపం మార్చలేదు, నీళ్లు మార్చలేదు. రెండుసార్లు అట్ట పెట్టి చూశాను. అంచు మీద నల్లటి చుక్కలు ఆరిపోయి ఉన్నాయి.

158వ రోజు. గాలి అంకె 31.

మొదటి పడక దినం. ఊరంతా పడుకుని ఉంది. తొట్లు చూసేదాన్ని కాబట్టి నాకు లేవడానికి అనుమతి ఉంది. మధ్యాహ్నం నెమ్మదిగా నడిచి గదికి వెళ్లేసరికి పద్దెనిమిదో తొట్టి దగ్గర ఎవరో వంగి ఉన్నారు. చేతిలో బొక్కెన. నల్లటి నీళ్లు తొట్టిలోకి వంచుతున్నారు. తొట్టిలో ఏదైనా కలిపినవాళ్లకి శిక్ష ఒకటే, తలుపు బయటికి పంపడం.

"ఎవరది?" అన్నాను.

"నానే," అంది పైడితల్లి. బొక్కెన దించలేదు, మిగిలినది కూడా పోసింది.

ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. దాని జుట్టు నెరిసింది. కూతుళ్లిద్దరూ నిద్రలో ఎగశ్వాస పీలుస్తున్నారని, అందుకే కాలువ తలుపులోంచి దూరి వస్తున్నానని చెప్పింది. ఏమిటవి అంటే మూకుళ్ల నీళ్లు అంది. వాళ్ల అమ్మమ్మ బయటి నుంచి తెచ్చిన ఇనుప మూకుళ్లు రెండున్నాయి. మిగతా వంటశాలల్లో అన్నీ స్టీలువే. ఇక్కడి చెమ్మకి ఆ మూకుళ్లు తుప్పు పడతాయి. గోంగూర ఉడికించిన పులుపు నీళ్లు వాటిలో పోసి నానబెడితే తుప్పు వదులుతుంది, నీళ్లు నల్లబడతాయి. అవి పోసే కాలువకి పదిహేడో తొట్టి పక్కన చిన్న బీట ఉంది. దాంట్లోంచి చుక్కా చుక్కా తొట్టిలోకి ఊరుతుంది.

ఊరికే ఊహించలేదు. మూడు గిన్నెల్లో పాచి పోసి పొయ్యి వెనక దీపం కింద పెట్టిందట. ఒకదానికి మూకుడు నీళ్లు, ఒకదానికి స్టీలు గిన్నెలో ఉడికించిన గోంగూర నీళ్లు, ఒకదానికి ఉత్త నీళ్లు. మూకుడు నీళ్లు తాగినదే పచ్చబడింది. పాచికి ఇనుము కావాలి. రెండేళ్ల కిందట నీళ్లు తేటగా రావాలని మేం సన్నజల్లెడలు బిగించుకుని సంబరపడ్డాం. ఉన్న కాస్త తుప్పూ వాటిలోనే ఆగిపోయింది. ఇరవై మూడేళ్లు నేను గోడకి ఇవతల ఉష్ణమాపకం పట్టుకుని కూర్చుంటే, అది అవతల మూడు గిన్నెలతో తేల్చేసింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పంతొమ్మిదేళ్లయింది."

"మరి చెప్పలేదేం?"

"నీ ప్రశ్న గదేటి. నాను సెప్తే తప్పు. నువ్వొచ్చి అడుగుతావని సూసినాను. గోడకి ఈపక్క నాను, ఆపక్క నువ్వు. ఒక్కపాలి రానేదు నువ్వు."

సిగ్గుతో చచ్చిపోయాననడం చాలా చిన్నమాట. దాని మొహం చూడలేక వంటశాల వైపు మలుపు తిరగలేదు నేను. ఆ మలుపు తిరిగి ఉంటే మొదటి రోజే మూకుళ్లు కనబడేవి. ప్రశ్న దినం నాడు ఇంకో ప్రశ్న అడగాల్సింది కదా అన్నాను. నీ తలలో ఎప్పుడూ పది ఉండేవి కదా.

"అది నాది. ఇంకోటి అడిగితే అది నాది కాదని ఒప్పుకున్నట్టు," అంది.

బొక్కెన పట్టుకుని నెమ్మదిగా వెళ్లిపోయింది. పడక దినం కదా, గబగబా నడిస్తే గాలి ఖర్చు.

161వ రోజు. గాలి అంకె 32.

నిజం చెబుదామనే వెళ్లాను. ముందు చుట్టూ తిప్పి అడిగాను, ప్రశ్న ఒకరిదై జవాబు ఇంకొకరి దగ్గర దొరికితే ఎలాగండీ అని. కూర్మారావు గారు నియమాల పుస్తకం తీసి చదివి వినిపించారు. అలాంటప్పుడు సభ మూడుసార్లు కూర్చోవాలి, సభకీ సభకీ మధ్య పది రోజులు ఉండాలి. తీర్పు వచ్చే దాకా ఆ జవాబుని ఎవరూ వాడకూడదు.

అంకె మూడు రోజులకి ఒకటి చొప్పున పెరుగుతోంది. ముప్పై ఐదుకి తొమ్మిది రోజులుంది. నియమానికి కనీసం ఇరవై రోజులు కావాలి. దొంగచాటు బొక్కెనలతో రెండు తొట్లకి మించి నిలబెట్టలేం. ఇరవై నాలుగింటికీ పెట్టాలంటే తవ్వకంలో పడి ఉన్న పాత ఇనుమంతా కావాలి, తోటలోని గోంగూర అంతా కావాలి, శాల ఆజ్ఞ కావాలి. ఆజ్ఞ ఈ రోజే కావాలంటే జవాబు నాదే అని సంతకం పెట్టాలి. అంటే దానిదే మళ్లీ దొంగిలించాలి.

ఈసారి మలుపు తిరిగి వంటశాలకి వెళ్లాను. నేలమీద కూర్చుని గోంగూర కాడలు విడదీస్తోంది. సంగతంతా చెప్పాను. ఆకు తుంచుతూనే వింది.

"రాసీ," అంది. "నీ పేరు మీదే రాసీ. మా పిల్లలు ఊపిరి తియ్యాల ముందు."

"నిన్ను మళ్లీ..."

"మంగా. రాసీ."

సంతకం పెట్టాను. మొదటిసారి దొంగతనం నోరు తెరిచేసరికి జరిగిపోయింది. ఈసారి పేరు గుండ్రంగా, తీరుబడిగా రాశాను. అది ఇంకా అసహ్యంగా ఉంది.

169వ రోజు. గాలి అంకె 34.

సంతకం పెట్టిన మూడో రోజు నుంచి పాత మేకులు, విరిగిన గునపాలు పులుపు నీళ్లలో నానుతున్నాయి. పైడిని నా పనికి వంటశాల మనిషిగా అడిగి పిలిపించుకున్నాను. ఏ తొట్టికి ఎన్ని గరిటెలు పొయ్యాలో అదే చెప్పింది, శాలవాళ్ల ముందు నేను చెప్పినట్టు నటించాను. ఎక్కువ పోస్తే పాచి చస్తుందట. దాని మూడు గిన్నెలు ఎన్నిసార్లు చచ్చి ఎన్నిసార్లు బతికాయో.

కింది వరసలో మూటలు కట్టుకుంటున్నారు. పైడి భర్త కూతుళ్ల తలలకి తడిగుడ్డలు ఎలా చుట్టాలో నేర్పుతున్నాడు. తలుపు దగ్గర కాపలా వాళ్లు వచ్చి మడతబందులకి నూనె రాశారు, యాభై ఎనిమిదేళ్లుగా తెరవని తలుపు. పైడి నా పక్కన నిలబడి తొట్లనే చూస్తోంది. పోయించేది పోయించాం, ఇంక కూర్చోవే అన్నాను. కూర్చోలేదు.

సాయంకాలం అట్ట పెట్టి చూస్తే మొదటి తొట్టి అర గడి ఎక్కింది. నా కళ్లని నమ్మక దాని చేతికిచ్చాను. అది చూసి ముక్కు చీదుకుంది.

186వ రోజు. గాలి అంకె 23.

తొట్లన్నీ పచ్చగా ఉన్నాయి. తలుపు తెరవలేదు. బడిలో పిల్లలు మళ్లీ అల్లరి మొదలుపెట్టారు.

ఈ రోజు నాకు సన్మానం. జవాబు దొరికినప్పుడు పలక మీది ప్రశ్నని తుడిచేస్తారు, తుడిచే ముందు ఆ మనిషి శాలకి ఎందుకు వచ్చిందో కొత్త పిల్లల ముందు చెప్పాలి. ఊరు సగం వచ్చింది. పైడితల్లి వంటవాళ్లతో గోడ పక్కన నిలబడి ఉంది. కొత్త పిల్లల తరఫున లలితాంబ లేచి అడిగింది, అమ్మా, మిమ్మల్ని శాస్త్రం వైపు లాగినదేమిటి అని. ఎనభై రాత్రులు దారప్పోగు పట్టుకున్న పిల్ల. దానికి అబద్ధం చెప్పలేకపోయాను.

"భయం," అన్నాను.

మిగతాదంతా కూడా చెప్పేశాను. ప్రశ్న ఎవరిదో, గోడ మీద గీతలు ఎవరివో, మూడు గిన్నెలు ఎవరివో, రెండుసార్లు నేనేం చేశానో. బొక్కెన ఊసు మాత్రం ఎత్తలేదు. చెబుతున్నంతసేపూ కూర్మారావు గారి వైపు చూడలేకపోయాను. సింహాచలం చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. ముగించాక ఊరంతా ఊపిరి బిగబట్టింది. బిగబట్టడానికి ఇప్పుడు గాలికి కొదవ లేదు.

ప్రశ్న దొంగకి శిక్ష తవ్వకం. రేపు పొద్దున్నే వెళ్లాలి. ఏ రాతి దుమ్ముని తప్పించుకోవడానికి ఇదంతా చేశానో అక్కడికే. భయంగా ఉంది, అబద్ధమెందుకు. మా నాన్న దగ్గు ఈ క్షణం నా చెవిలో వినిపిస్తోంది. అయినా ఈ గది అద్దాలు గీకుతూ ఇరవై మూడేళ్లు పీల్చిన గాలికంటే అది బరువుగా ఉండదనుకుంటున్నాను.

తర్వాత కూర్మారావు గారు పైడితల్లిని ముందుకి పిలిచారు. వంటవాళ్లు దారిచ్చారు. ఆయన నియమాల పుస్తకం చేత్తో పట్టుకునే ఉన్నా తెరవలేదు. 'అనుకరణ' అన్న మాటని కొట్టేశామన్నారు. అయితే ఆ ప్రశ్నకి జవాబు దొరికిపోయింది కాబట్టి, జవాబు లేని ప్రశ్న ఉన్నవాళ్లకే శాలలో చోటని, అది మాత్రం మార్చడం తన వల్ల కాదని బాధగా చెప్పారు.

"ఇంకో ప్రశ్న ఏదైనా ఉందా అమ్మా?" అన్నారు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, జీవితమంతా వంటశాల పొగలో ఉన్న మనిషి, ఇంత హఠాత్తుగా అడిగితే ఏం చెబుతుందని ఆయన జాలి.

పైడితల్లి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఉన్నాయి బావూ," అంది. "ఎన్ని సెప్పమన్నారు?"

అన్నీ చెప్పమన్నారు ఆయన. కాచిన పాల మీద మీగడ ఒక పక్కకే ఎందుకు జరుగుతుంది అని మొదలుపెట్టింది. పొయ్యి ఆర్పిన తర్వాత కూడా గోడ ఏ రాయి దగ్గర ఎక్కువసేపు వెచ్చగా ఉంటుంది, ఎందుకు. గోంగూర దీపం వైపు తిరుగుతుంది సరే, దీపం తీసేశాక వెనక్కి ఎలా వస్తుంది, దారి ఎవరు చెప్పారు. పదకొండో ప్రశ్న దగ్గర రాస్తున్న గుమాస్తా చెయ్యెత్తి కాస్త ఆగమన్నాడు, కాగితం అయిపోయింది. కొత్త కాగితం తేవడానికి లేచి వెళ్లాడు.

పైడి ఆగలేదు.